లోలా కోసం పద్నాలుగు జీపులు

ఆ రోజు ఎవుసేబియో పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. వీపు సంచులతో దేశాలు తిరిగే ఆరుగురిని ఉయునీ ఊళ్లో జీపెక్కించుకుని, ఉప్పు మైదానం చూపించి, మధ్యాహ్నం లామా అనే కొండ జంతువు మాంసంతో భోజనం పెట్టి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. ఇరవై రెండేళ్లుగా అదే దారి. కళ్లు మూసుకుని తోలగలనని అంటుంటాడు. ఎండలో ఆ తెలుపు మీద కళ్లు తెరవడం కష్టం గనక సగం దూరం అలాగే తోలుతాడు కూడా.

పదకొండింటికి మైదానం నడిమధ్య బండి ఆపాడు. కింద తెల్లటి ఉప్పు, పైన నీలం ఆకాశం, మరేమీ లేదు. ఏమీ లేనిచోట ఫొటో బాగా రావాలని అక్కడి డ్రైవర్లు ఒక్కో రాకాసిబల్లి బొమ్మ ఉంచుకుంటారు. బొమ్మను కెమెరాకు దగ్గరగా పెట్టి, మనుషులు దూరంగా పరుగెత్తితే, కొండంత బల్లి తరుముతున్నట్టు పడుతుంది. ఎవుసేబియో దగ్గర రెండుండేవి. పెద్దది నిరుడు చక్రం కింద పడి నలిగిపోయింది. మిగిలిన చిన్నదానికి ఎవరో యాత్రికులు లోలా అని పేరు పెట్టి పోయారు.

సీటు కింద చెయ్యి పెట్టి చూస్తే లోలా లేదు.

"మాస్టారూ, బల్లి లేకుండా ఫొటోనా?" అంది ఇరసేమా. ఆమె బ్రెజిల్‌లో పంతులమ్మ. మూడు నెలలుగా బస్సుల్లో తిరుగుతోంది. "మంచుకొండలెక్కాను, జలపాతాల కింద తడిశాను. మా అమ్మ మాత్రం ఈ బల్లి ఫొటో ఒక్కటే అడిగింది."

ఎవుసేబియోకు తల కొట్టేసినట్టయింది. వైర్‌లెస్ అందుకుని ఊళ్లోని ఆఫీసుతో మాట్లాడాడు. అక్కడ కూర్చునే బసీలియా పనిలో చేరి రెండు వారాలే అయింది. బొమ్మల సంగతి ఆమెకింకా తెలియదు. ఎవుసేబియోకు మనవరాళ్లున్నారని మాత్రం తెలుసు.

"అక్కా! మా చిన్నది కనపడటం లేదు!"

"ఏంటీ? గాలిలో సరిగ్గా వినపడట్లా!"

"మా చిన్నది, లోలా! పొద్దున చక్రం బిగించేటప్పుడు కిందికి దించా. మళ్లీ ఎక్కించడం మరిచిపోయా."

"ఓరి దేవుడా! ఎట్లా మరిచిపోయావయ్యా? ఆనవాలు చెప్పు!"

"ఆకుపచ్చగా ఉంటుంది. నోరు తెరుచుకుని ఉంటుంది. అటు పోయేవాళ్లను కాస్త చూడమను."

"ఏడుస్తూ నోరు తెరవక ఏం చేస్తుంది పసిది!" అంది బసీలియా. ఆ మాట గాలికి పోయి ఎవుసేబియోకు చేరలేదు.

పావుగంటలో వైర్‌లెస్‌లో గొంతులు పెరిగాయి. అందరికంటే పెద్దగొంతు నికానోర్‌ది. బారు మీసాల మనిషి, ఏ పనికైనా ముందుండేవాడు. "పసిపాప తప్పిపోయిందిరా! ఆకుపచ్చ చొక్కా! దించి మరిచిపోయాడంట, ముసలాడికి మతుందా?" అని అరుస్తున్నాడు. ఆ తెలుపులో దిక్కు తెలియక పెద్దవాళ్లే గిరగిరా తిరుగుతారు. రాత్రయితే సీసాలో నీళ్లు గడ్డకడతాయి. అందుకని డ్రైవర్లందరూ భోజనాలు మాని బండ్లు తిప్పారు.

"పాపం, ఎవరి బిడ్డో!" అన్నాడు ఎవుసేబియో. ఇరసేమా ఫొటో పక్కన పెట్టింది. ఆరుగురూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఆకుపచ్చ కోసం కళ్లు చిట్లించి చూశారు. అలా గంటసేపు, తనకు మతి లేదన్న తిట్లు వింటూ, ఆ ముసలాడెవడో గాని తన్నాలనుకుంటూ, ఎవుసేబియో కూడా వెతికాడు.

అప్పుడు బసీలియా గొంతు స్పష్టంగా పలికింది: "పాప పేరు లోలా. గట్టిగా పిలవండి!"

ఎవుసేబియో బుగ్గన నములుతున్న కోకా ఆకు అక్కడే ఆగిపోయింది. బండి కూడా ఆగింది.

"చెప్పేయండి మాస్టారూ," అంది ఇరసేమా మెల్లగా.

"చెబితే ఈ ఊళ్లో నా మొహం ఎవడు చూస్తాడమ్మా?"

"చెప్పకపోతే వాళ్లు తెల్లారేదాకా వెతుకుతారు."

దూరంగా ఒక జీపులోంచి "లోలా! లోలా!" అని ఎవరో గొంతు చించుకుని పిలుస్తున్నారు. ఆ పిలుపు వినలేక ఎవుసేబియో వైర్‌లెస్ తీశాడు. "అన్నలారా, తప్పు నాది. తప్పిపోయింది పాప కాదు. బల్లి బొమ్మ. నా మాట అక్కకు వేరేగా వినపడింది."

వెంటనే నికానోర్ అందుకున్నాడు. "బొమ్మా? నీ బొమ్మ కోసం ఇంజను పొగలు కక్కేదాకా తోలానా? నిన్ను డ్రైవర్ల సంఘంలోంచి తీయించకపోతే నా మీసం గొరిగించుకుంటా!"

"ఆగండాగండి," అంది ఫెర్మినా. డ్రైవర్లలో ఆమె ఒక్కతే ఆడమనిషి. "అది బొమ్మయితే, మరి నా బండిలో కూర్చున్నదెవరు? ఇప్పుడే దొరికింది. ఆకుపచ్చ కోటుంది. నోరు తెరిచే ఉంది. కాకపోతే గడ్డం కూడా ఉంది."

అతను అర్జెంటీనా నుంచి వచ్చిన లెయాండ్రో. కడుపు బాగాలేక బండి దిగాడు. ఉప్పు మైదానంలో చాటు అనేది లేదు గనక చాలా దూరం నడిచాడు. పని ముగించుకుని తిరిగి చూస్తే బండి లేదు.

"ఎవరి బండయ్యా నీది?" అని ఫెర్మినా అడగడం అందరికీ వినపడింది.

"మీసాలాయనది."

నికానోర్ వెనక్కి తిరిగి సీట్లు లెక్కపెట్టాడు. ఒక సీట్లో టోపీ పెట్టిన వీపు సంచి కూర్చుని ఉంది. "ఒక మనిషి తగ్గాడని మేం చెప్పాం మాస్టారూ," అన్నారు వెనకవాళ్లు. "పసిబిడ్డ ప్రాణం కంటే ఎక్కువా అని మీరే కసిరారు."

పద్నాలుగు జీపులూ ఫెర్మినా బండి చుట్టూ వచ్చి ఆగాయి. తన కోసం ఇంతమంది వెతికారనుకుని లెయాండ్రో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎవుసేబియో నిజం చెప్పబోతే ఇరసేమా మోచేత్తో పొడిచింది. లెయాండ్రో నికానోర్‌ను కావలించుకుని, "ఒక్క మనిషి చాటుకెళ్తే ఊరంతా కదిలే దేశం ఇదొక్కటే!" అన్నాడు.

నికానోర్ కాదనలేదు.