మడికొండలో విదేశీ గిర్ని

భూమి గుండ్రంగా ఉండటానికి శాస్త్రవేత్తలు ఏవేవో కారణాలు చెబుతారు గానీ, అసలు కారణం ఒక్కటే: ప్రపంచంలో ఏ మూల బయలుదేరిన పెట్టుబడి అయినా దొర్లుకుంటూ దొర్లుకుంటూ చివరికి మడికొండ చేరాలని. ఈ సత్యాన్ని వరంగల్‌లోని విదేశీ పెట్టుబడుల ఆకర్షణ, ఆహ్వాన, ఆతిథ్య విభాగం తన పదహారో సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించింది. (మొదటి పదిహేను సమావేశాలు, విభాగం పేరులో 'ఆతిథ్య' అన్న మాట ఉండాలా వద్దా అన్న చర్చకే సరిపోయాయి.) ఆ వెంటనే మడికొండ శివారును 'ఆకర్షణ మండలం'గా ప్రకటించారు. అంటే, ఇకపై అక్కడ ఎవరి పరిశ్రమకు కొత్తగా కరెంటు కావాలన్నా ముందు విభాగం వారి అనుమతి పత్రం తెచ్చుకోవాలి.

ప్రకటన వెలువడే నాటికే ఆ మండలంలో అనుమతి లేకుండా ఉండిపోయిన మనిషి అఫ్సానా.

అఫ్సానాకు నలభై ఏళ్లు. రేకుల షెడ్డులో కారం గిర్ని నడుపుతుంది. షెడ్డు మీద తల్లి పేరుతో 'ఖాసింబీ కారం గిర్ని' అన్న బోర్డు ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ నుంచి మిరపకాయలు వస్తాయి, ఆరుగురు ఆడవాళ్లు తొడిమలు తీస్తారు, చిన్న మిషను కారం పడుతుంది. ఆ ఆరుగురిలో పెద్దది సోమక్క. ఆమెకు కోపం వస్తే మిరపకాయలే కొంచెం చల్లబడతాయని మిగతా ఐదుగురి అభిప్రాయం.

నిరుడు హనుమకొండలోని ఇరవై హాస్టళ్లు వాళ్ల కారమే కావాలన్నాయి. చిన్న మిషనుతో అయ్యే పని కాదు కాబట్టి అఫ్సానా పెద్ద మిషను తెచ్చింది. దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి. పద్నాలుగు నెలలుగా అది నీలం పట్టా కప్పుకుని షెడ్డు మూలన కొత్త పెళ్లికూతురిలా కూర్చుంది. ఉగాదిలోపు సరుకు అందకపోతే హైదరాబాద్ కంపెనీని చూసుకుంటామని హాస్టళ్ల వాళ్లు చెప్పేశారు. అదే జరిగితే ఆరుగురిలో నలుగురిని ఇంటికి పంపాలి. ఏ నలుగురిని అన్న ఆలోచనను అఫ్సానా ప్రతిరోజూ రేపటికి వాయిదా వేసేది.

విభాగం వారి సింగిల్ విండో నిజంగానే ఒక కిటికీ. దాని ముందు ఎర్ర తివాచీ, పైన ఏసీ, పక్కన బొకేల బుట్ట ఉన్నాయి. అఫ్సానా దరఖాస్తు ఇవ్వగానే కిటికీలోని పద్మలత చిరునవ్వుతో కంప్యూటర్ తెరిచింది.

"ఏ దేశం మేడమ్?"

"మడికొండ."

పద్మలత కిందికీ పైకీ వెతికింది. "మడికొండ అని దేశం లేదమ్మా సాఫ్ట్‌వేర్ల."

"దేశం కాదమ్మా, గీ బస్టాపుకాడ దిగితే నాలుగు అడుగులు."

"అయితే ఈ విండో కాదు మీది. లోకల్ వాళ్లది వెనుక దిక్కు."

వెనుక దిక్కున గోడ ఉంది. గోడకు కిటికీ పెట్టడానికి టెండర్ పిలిచినట్టు ఒక కాగితం అతికించి ఉంది. కిటికీ పూర్తయ్యేదాకా స్థానిక పారిశ్రామికవేత్తలు ఓపికతో సహకరించాలని అందులో కోరారు. ఓపిక నమూనా ఫారం కూడా జతచేశారు.

అఫ్సానా ఓపిక ఫారం నింపి ఇంటికొచ్చింది. నెలలు గడిచాక ఒకరోజు విభాగం ఉప సంచాలకులు (ఆహ్వానం) రాజేశ్వర్ రావు గారు స్వయంగా షెడ్డు దగ్గరికి వచ్చారు. ఆమె కరెంటు గురించేననుకుని కుర్చీ తుడిచి వేసింది. ఆయన వచ్చింది సర్క్యులర్ ఇవ్వడానికి. ఏడాదిలో తొమ్మిది నెలలు మంచు కురిసే ఒక దేశం నుంచి హెన్రిక్ అనే పెట్టుబడిదారు గురువారం వస్తున్నారు. పర్యటన దారిలో భూమి సిద్ధంగానూ, ఖాళీగానూ, ఉత్సాహంగానూ కనిపించాలి.

"మీ షెడ్డు వల్ల ఖాళీ తగ్గుతున్నదమ్మా. ఒక్క పూట బ్యానర్ కట్టుకుంటం."

"నా కరెంటు సంగతేంది సార్?"

"ఆయన పరిశ్రమ పెట్టనీ. ఆయన కోసం లైన్ వస్తది. అటెన్క మీ పక్కనుంచే పోతది."

"పక్కనుంచి పోయే కరెంటుతోటి కారం ఎట్ల పట్టాలె సార్?"

రాజేశ్వర్ రావు గారికి ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. అందుకే వినిపించనట్టు చూశారు. గురువారం మిషను నడపొద్దనీ, గాలిలో కారం లేవకూడదనీ గట్టిగా చెప్పి వెళ్లారు. గతంలో ఒక పెట్టుబడిదారు సంతకం పెట్టబోతూ తుమ్మితే ఆ ఫైలు అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి విభాగంలో తుమ్ముల నివారణ ఉపసంఘం ఒకటి పనిచేస్తోంది.

గురువారం పొద్దున షెడ్డును పూర్తిగా కప్పేస్తూ నలభై అడుగుల బ్యానర్ లేచింది. పచ్చిక మైదానం, నీలాకాశం బొమ్మ మధ్య 'మీ పరిశ్రమకు సరైన చోటు ఇదే' అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. దాని వెనుక చీకట్లో సెల్‌ఫోన్ లైట్లు పెట్టుకుని ఆరుగురు ఆడవాళ్లు తొడిమలు తీస్తూనే ఉన్నారు. మిషను ఆపమన్నారు గానీ చేతులు ఆపమనలేదని సోమక్క వాదన.

కార్లు ఆగాయి. హెన్రిక్ దిగి, బ్యానర్ మీద పచ్చిక చూసి, ఊపిరి గట్టిగా పీల్చి, తుమ్మారు.

విభాగం మొత్తం కొయ్యబారింది. ఉపసంఘం కన్వీనర్ ఒక్క ఉదుటున ముందుకొచ్చి, తుమ్మినప్పుడు చేయవలసిన కార్యక్రమాన్ని అమలులో పెట్టారు. పదిహేడు మంది అధికారులు నడిరోడ్డు మీద కూర్చుని, తలా ఒక సీసా మంచినీళ్లు తాగారు. హెన్రిక్ అది ఇక్కడి స్వాగత సంప్రదాయం అనుకుని తానూ కూర్చుని తాగారు. లేచారు. మళ్లీ తుమ్మారు. మళ్లీ కూర్చున్నారు. నాలుగోసారికి నీళ్లు అయిపోవడంతో హెన్రిక్ ముక్కు తుడుచుకుంటూ, ఈ ఘాటు ఎక్కడిదో చూద్దామని బ్యానర్ అంచు పైకెత్తి లోపలికి నడిచారు.

లోపల ఎర్రటి మిరపకాయల గుట్టల మధ్య అఫ్సానా నిలబడి ఉంది. హెన్రిక్ ఒక్కో గుట్టనూ చూశారు, కాస్త కారం నాలుకకు రాసుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ రాసుకున్నారు. చాలా బాగుందన్నారు. అంతలో నీలం పట్టా కింద మిషను కనబడింది. అది ఎందుకు నడవడం లేదని ఇంగ్లిష్‌లో అడిగారు.

ప్రశ్న అఫ్సానాకు అర్థమైంది. "కరెంటిస్తలేరని చెప్పుండ్రి సార్. పద్నాలుగు నెలలాయె."

రాజేశ్వర్ రావు గారు గొంతు సవరించుకుని అనువదించారు. కొత్త యంత్రాన్ని వెంటనే పనిలో పెట్టకుండా కొంతకాలం విశ్రాంతిగా ఉంచడం ఈ ప్రాంతపు ప్రాచీన ఆచారమని చెప్పారు.

హెన్రిక్ కదిలిపోయారు. తమ అమ్మమ్మ కూడా రొట్టెల పిండిని అలాగే విశ్రాంతిగా ఉంచేదని చెప్పి, మిషనుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. ఆ సాయంత్రమే ఆయనకూ విభాగానికీ మధ్య అవగాహన ఒప్పందం కుదిరింది. మడికొండలో పెట్టుబడి గురించి ఆలోచించే విషయాన్ని తాము ఆలోచిస్తామని ఆయన సంతకం చేశారు. విభాగం దీన్ని రెండు ఆలోచనలుగా లెక్కించింది.

మర్నాడు బ్యానర్ విప్పించడానికి రాజేశ్వర్ రావు గారు ఒక్కరే వచ్చారు. ముఖం కొంచెం చిన్నబోయి ఉంది. అఫ్సానా కుర్చీ వేయలేదు.

"సార్, నా మిషనుకు ఆచారం అంటగట్టిన్రు. ఉగాది ఇరవై రోజులున్నది. హాస్టళ్లు పోతే గీ సోమక్క ఏడికి పోవాలె?"

సోమక్క చాటలోంచి తల ఎత్తలేదు. "నేనేడికి పోత బిడ్డా? ఈ సారు దేశానికే పోత. ఏ దేశమో అడుగు."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. స్వతహాగా చెడ్డవాడు కాదు. ఆయన సొంత తమ్ముడి పిండి గిర్ని ఫైలు కూడా వెనుక దిక్కున గోడ దగ్గరే ఉంది.

"మీ ఫైల్ల ఒక్క తప్పు కూడ లేదమ్మా. మీరిక్కడోళ్లు, అంతే. బయట దేశంల మీవాళ్లెవరన్న ఉన్నరా?"

"మా తమ్ముడు ఇజాజ్ షార్జాల ఉన్నడు. గోదాంల బండి నడుపుతాండు."

"ఇంటికి డబ్బులు పంపుతడా?"

"నెలనెలా పంపుతడు."

రాజేశ్వర్ రావు గారి ముఖం వెలిగిపోయింది. "ఇన్నేండ్లసంది విదేశీ పెట్టుబడి వస్తాంటే మాకు చెప్పకపోతిరి!"

శుక్రవారం తమ్ముడికి సెలవే కాబట్టి, అఫ్సానా ఆ రాత్రికి రాత్రే ఫోన్ చేసింది. ఇజాజ్ చాలాసేపు అర్థం చేసుకోలేకపోయాడు.

"ఆపా, నేను చైర్మనా? మా సూపర్‌వైజర్‌కు తెలిస్తే కొలువు పోతది."

"ఫికర్ చెయ్యకురా. జర సంతకం పెట్టి పంపు. మిగిలింది నేను చూసుకుంట."

అలా 'అల్ మడికొండ ఇంటర్నేషనల్' పుట్టింది. ఈసారి కిటికీ ముందు పద్మలత లేచి నిలబడి బొకే ఇచ్చింది. చైర్మన్ గారితో వీడియో సమావేశం జరిగింది. ఇజాజ్ తన గదిలో పై మంచం మీద తల వంచుకుని కూర్చుని, పక్కవాడి కోటు తొడుక్కుని మాట్లాడాడు. సీలింగుకు తల తగులుతుందని వంచిన ఆ మెడను అధికారులు వినయంగా భావించారు. ఆయన నెలనెలా ఇంటికి పంపే సొమ్ము విదేశీ పెట్టుబడిగా నమోదైంది. (తన బీపీ గోళీలు విదేశీ పెట్టుబడితో కొంటున్న సంగతి ఖాసింబీకి ఇప్పటికీ తెలియదు.)

చివరికి ఒక్క చిక్కు మిగిలింది. నిబంధనల ప్రకారం ఒకే చోట రెండు కారం గిర్నీలు ఉండకూడదు. కాబట్టి పాతది మూసేసినట్టు దాని యజమాని రాసివ్వాలి. రాజేశ్వర్ రావు గారు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టారు. మూసివేతకు కారణం అన్న చోట ఏం రాయాలని అఫ్సానా అడిగింది.

"విదేశీ పోటీకి తట్టుకోలేక అని రాయండమ్మా. అందరు అదే రాస్తరు."

ఆమె అదే రాసింది. సంతకం చేసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. పన్నెండేళ్ల కిందట మొదటి బస్తా మిరపకాయలు తనే సైకిల్ మీద తోసుకొచ్చింది. ఆ బస్తా బరువు ఇప్పుడు పెన్నులో ఉన్నట్టు అనిపించింది. సంతకం చేసి, బయటికి వెళ్లి, నిచ్చెన వేసుకుని తల్లి పేరున్న బోర్డు తనే దించింది. సోమక్క నిచ్చెన పట్టుకుని నిలబడింది.

బోర్డు దించిన తొమ్మిదో రోజు త్రీ ఫేజ్ వచ్చింది. స్తంభాలు, తీగలు, మీటరు, అన్నీ ఒక్క పూటలో. వాటితోపాటు ఎవరూ అడగని సిమెంటు రోడ్డు కూడా షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగింది. అఫ్సానా పట్టా తీసి మీట నొక్కింది. మిషను గర్రుమంది. నమ్మకం కుదరక ఆపి, మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కబోతుంటే సోమక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"చాలు తియ్యి. కాలిపోతది."

ఉగాదికి రెండు రోజుల ముందే ఇరవై హాస్టళ్లకూ సరుకు చేరింది. ఆరుగురు పదకొండు మంది అయ్యారు. పక్కనే వడ్రంగి దుకాణం పెట్టుకున్న గట్టయ్య ఒకరోజు మొహమాటంగా వచ్చి, కోత మిషనుకు తనకూ కరెంటు కావాలనీ, ఇజాజ్ రూములో ఉండే వాళ్లలో ఎవరైనా తనకు బామ్మర్ది వరస అవుతారేమో కనుక్కోమనీ అడిగాడు.

విభాగం వార్షిక పుస్తకంలో ఈ విజయగాథ వేయాలని నిర్ణయించారు. రాయడానికి హైదరాబాద్ నుంచి అక్షర అనే సలహాదారు వచ్చింది. అఫ్సానాను 'అల్ మడికొండ ఇంటర్నేషనల్' అన్న కొత్త బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీసి, నోటుపుస్తకం తెరిచి మొదటి ప్రశ్న అడిగింది.

"ప్రపంచంల ఇన్ని చోట్లు ఉండంగ, మీ కంపెనీ వరంగల్‌నే ఎందుకు ఎంచుకున్నది ఆంటీ?"

"ఎంచుకునుడేంది బిడ్డా? ఇక్కడ్నే పుట్టిన."

అక్షర రాయబోయి ఆగింది. పెన్ను మూత పెట్టింది.

"అట్ల రాయలేం ఆంటీ," అంది, నచ్చజెబుతున్నట్టు. "ఇక్కడ పుట్టినోళ్లు మస్తు మంది ఉన్నరు."