పక్క సీటు మాస్టారు

శనివారం పొద్దున భర్త ఎల్డన్‌ను డ్రైవింగ్ స్కూలు దగ్గర దింపేసి, డులూత్ ఊరి కొండ దిగి, సరస్సు ఒడ్డు వెంట ఒంటరిగా కారు నడుపుకోవాలని లోర్నా నిశ్చయించుకుంది. ఒంటరిగా అన్నదే ముఖ్యం. పెళ్లయిన నాటి నుంచి కారు ఆమే నడుపుతోంది, ఎల్డన్ పక్కన కూర్చుని నడిపిస్తున్నాడు. స్టీరింగు ఏనాడూ ముట్టని మనిషి "అద్దం చూడు, బ్రేకు తొక్కు, ఆ ముసలాయన అడ్డమొస్తాడు జాగ్రత్త" అంటూ ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. చివరికి ఒకరోజు ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"అంత తెలిసినవాడివి నువ్వే నేర్చుకుని నడుపు. డబ్బు నేను కడతా."

ఊళ్లో ఉన్న మాస్టర్లందరికీ తనే ఫోన్ చేసింది. ఒకాయన మరీ మెతక, ఎల్డన్ నమిలి మింగేస్తాడు. ఇంకొకావిడ పాటలు పెట్టుకుని నేర్పుతానంది. కివెలా అనే ఆయన మాత్రం "నా కారులో నేను తప్ప ఇంకెవరూ నోరెత్తరమ్మా" అన్నాడు. లోర్నా ఆ క్షణమే అన్ని క్లాసులకూ డబ్బు కట్టేసింది. కట్టిన డబ్బు మళ్లీ వెనక్కి రాదని ఆయన చెప్పినా వెనకాడలేదు.

అక్కడ క్లాసుకు ఇద్దరు. ఒకరు నడుపుతుంటే రెండోవారు వెనక కూర్చుని చూడాలి. ఆ రోజు మొదటి వంతు టెస్సా అనే కాలేజీ పిల్లది. ఆఫీసులో తాళాలిచ్చి కూర్చోమంటే వచ్చి స్టీరింగు ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. మాస్టారి మొహం ఇంకా చూడలేదు. ఎల్డన్ తిన్నగా వెళ్లి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ముందు తలుపు తీసి పక్క సీట్లో చతికిలబడ్డాడు.

"అద్దం సరిచేసుకున్నావా తల్లీ?" అన్న మాట లోర్నా చెవిన పడింది. "మరింకా చూస్తావేం? పోనియ్యి."

లోర్నా నోరు తెరిచేలోగా స్కూలు కారు గేటు దాటింది. అప్పుడే కాఫీ కప్పుతో కివెలా బయటికొచ్చాడు.

"నా కారేదీ?"

"మా ఆయన అందులో వెళ్లాడు."

"ఆయనకి నడపడం రాదన్నారుగా?"

"రాదు. అందుకే ఆ పిల్లకి నేర్పుతున్నాడు."

కివెలా గబగబా లోర్నా పక్కన ఎక్కి "వెంట పోనివ్వండి" అన్నాడు. మొదటి మలుపు తిరగగానే మొదలుపెట్టాడు. "ఇండికేటర్ వెయ్యలేదు. చేతులు అక్కడ కాదమ్మా. ముందు బండికి అంత దగ్గరగా పోతారా? అసలు మీకెవరు నేర్పారు?" ఎల్డన్ కనీసం ఊపిరి తీసుకోవడానికైనా ఆగేవాడు.

"కాస్త నోరు మూసుకుంటారా" అని లోర్నా ఆయన వైపు తిరిగింది. ఆ తిరగడంలో స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండానే కారు దాటిపోయింది. వెనకాలే పోలీసు దీపాలు వెలిగాయి.

"ఎక్కడికమ్మా అంత తొందర?" అన్నాడు పోలీసు.

ఉన్నమాట చెబితే లైసెన్సు లేని ఎల్డన్ ఇరుక్కుంటాడు. మాస్టారు లేకుండా బండి రోడ్డెక్కినందుకు కివెలా స్కూలు మూతపడుతుంది. లోర్నా కివెలా వైపు చూసింది. కివెలా కాఫీ వైపు చూశాడు.

"తొందరేం లేదు" అంది లోర్నా పళ్లు నూరుకుంటూ.

"ఈవిడ మా దగ్గర నేర్చుకుంటున్నారండీ" అన్నాడు కివెలా, సాయం చేస్తున్నాననుకుని. "డబ్బు మొత్తం ముందే కట్టేశారు."

ఆమె లైసెన్సు చూస్తున్న పోలీసు మొహం విప్పారింది. "లైసెన్సు ఉండి కూడానా? మంచి పని. క్లాసులన్నీ పూర్తిచేసినట్టు కోర్టులో చూపించండి, జరిమానా లేకుండా చేస్తారు."

అంతలో స్కూలు కారు చుట్టు తిరిగి నెమ్మదిగా వచ్చి, ఇండికేటర్ వేసి, రోడ్డు అంచున పొందిగ్గా ఆగింది. ఎల్డన్ అద్దం దించాడు.

"స్టాప్ బోర్డు దగ్గర ఆగమని నీకెన్నిసార్లు చెప్పాను లోర్నా?"

"మాస్టారు ఎంత బాగా చెబుతారో" అంది టెస్సా పోలీసుతో. పోలీసు ఎల్డన్ వైపు గౌరవంగా తలూపి వెళ్లిపోయాడు.

ఎల్డన్ పేరు కొట్టేసి, ఆ క్లాసులన్నీ లోర్నా పేరిట రాశారు. "నాకెందుకులే, నాకన్నీ వచ్చు" అన్నాడు ఎల్డన్. ఆయన కారులో లేకపోతే తాను రానని టెస్సా మొండికేసింది. సంగతి బయటికి పొక్కుతుందన్న భయంతో కివెలా సరేనన్నాడు. లోర్నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇప్పుడు శనివారాలు లోర్నా నడుపుతుంటే పక్క నుంచి కివెలా చెబుతాడు, ఆయన మరిచిపోయినవి వెనక నుంచి ఎల్డన్ చెబుతాడు, టెస్సా రాసుకుంటుంది.