అధ్యక్షుల వారి మోకాళ్లు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద ఏనుగు పరిషత్తు అధ్యక్షుడిగా ఉండేది. ఒళ్లు కొండంత, బుద్ధి చీమంత. పెద్దల్ని ఇలా అనొచ్చా అని సందేహించకండి, ఆ ఏనుగు నేనే.

నాకు రెండు మోకాళ్లూ పోయాయి. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. గుట్ట కింద కూతవేటు దూరంలో ఏరు. అందులో మునిగి రెండేళ్లయింది. ఏనుగై పుట్టి స్నానానికి మొహం వాచిపోయాను. మా ఆవిడే తొండం నిండా నీళ్లు మోసుకొచ్చి నా వీపు మీద పోసేది. రేవులో ఏదో కంచె కట్టారండీ అని పాపం ఎన్నిసార్లు చెప్పిందో. నేను మాత్రం "కాస్త ఎడమపక్క" అనేవాణ్ణి.

ఒకరోజు డాక్టర్ వడ్రంగిపిట్ట వచ్చి మోకాళ్ల మీద టకటకా కొట్టి చూసింది. గుజ్జు అరిగిపోయిందనీ, ఇక నూనెలతో పని కాదనీ, పాత కీళ్లు తీసేసి టేకువి బిగిస్తే మళ్లీ ఏట్లోకి దిగొచ్చనీ చెప్పింది.

వెంటనే సరే అనేస్తే నేను అధ్యక్షుణ్ణెలా అవుతాను? విషయం పరిషత్తు ముందు పెట్టాను. నవ్వొస్తే నవ్వండి, నా మోకాళ్లని నేనే ఎజెండాలో ఎక్కించాను.

ఆ రోజు నా మీద కురిసిన ప్రేమ అంతా ఇంతా కాదు. ఎలుగుబంటి తన బావమరిది ఆపరేషన్ చేయించుకుని మళ్లీ చెట్టెక్కలేదని కళ్లు తుడుచుకుంది. ఆ చెట్టు మీద తేనె అయిపోయిందని తర్వాత తెలిసింది. కోతి నల్లేరు పచ్చడి తినమంది. అడవిపంది నన్ను బరువు తగ్గమంది. ఏనుగుని. నేను కూడా బుద్ధిగా తలూపి ఆ పూట ఒక అరటిగెల మానేశాను.

చివరికి కార్యదర్శి నక్క లేచింది. "అయ్యా, ఈ వయసులో మీకీ కోతలెందుకు? మీరు కదలొద్దు. అడవే మీ దగ్గరికొస్తుంది" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

ఓటింగ్ పెడితే అందరూ వద్దన్నారు. చేయించుకోమని తొండం ఎత్తింది మా ఆవిడొక్కతే. ఇంటిమనిషి ఓటు చెల్లదని నక్క కొట్టేసింది. నేనూ నిజమేనన్నాను.

ఆవిడ ఇంటికొచ్చాక అంది.

"నొప్పి మీది, మోత నాది. మధ్యలో వాళ్లెవరండీ ఓటెయ్యడానికి? రేపట్నుంచి నీళ్లు నేను తేను. కావాలంటే మీరే ఏటికి రండి."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పొద్దున్నే బయల్దేరాను. కనబడ్డ చెట్టునల్లా పట్టుకుని, మూలుగుతూ, నన్ను నేను తిట్టుకుంటూ మధ్యాహ్నానికి రేవు చేరాను.

రేవు పొడుగునా ముళ్లకంచె. లోపలికి ఒకటే దారి. ఆ దారిలో నక్క తమ్ముడు కూర్చుని, నీళ్లకొచ్చిన ప్రతి జంతువు దగ్గరా పండో దుంపో పుచ్చుకుని వదులుతున్నాడు. వెనక పోగుపడ్డవాటిని కోతి, ఎలుగుబంటి, పంది కూర్చుని పంచుకుంటున్నాయి.

వరసలో ఉన్న ఒక ముసలి జింక నన్ను చూసి దండం పెట్టింది.

"మీ మోకాళ్ల నిధికే కదా బాబూ. రెండేళ్ల నుంచీ ఇస్తూనే ఉన్నాం. ఇంకా నయం కాలేదా?" అంది.

దాని కాళ్ల దగ్గర ఒకే ఒక్క దుంప ఉంది. తను తినకుండా నా కోసం దాచింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కణ్ణుంచే వడ్రంగిపిట్టకి కబురు పెట్టాను. ఆపరేషన్ అయింది. మొదట్లో అమ్మా అబ్బా అని అడవంతా మోగించాను, అబద్ధమెందుకు. తర్వాత నడిచాను. కంచె తొక్కుకుంటూ ఏట్లో దిగి నా వీపు మీద నేనే నీళ్లు పోసుకుంటుంటే, మా ఆవిడ ఒడ్డున తీరిగ్గా నిలబడి "కాస్త ఎడమపక్క" అంది.

ఆ నెలలోనే పరిషత్తు కూడింది. అధ్యక్షుడు చెప్పాపెట్టకుండా ఎక్కడపడితే అక్కడికి వచ్చేస్తున్నాడని నన్ను దింపేసింది. నడుం నొప్పితో కదల్లేని తాబేలుని ఎన్నుకుంది. దానికి ఆపరేషన్ అవసరమా అని మొన్ననే ఓటింగ్ కూడా అయిందట. కంచె మళ్లీ కట్టారు. రోజూ స్నానానికెళ్తూ దాన్ని నేను తొక్కేస్తున్నాను.

నీతి: కుర్చీ మీద మోజున్నవాడు మోకాళ్లు బాగుచేయించుకోకూడదు.