పిల్లలకు బంతి ఇవ్వకండి

పిల్లల ఫుట్‌బాల్‌లో పిల్లలకు బంతి దొరకడం అంత మంచిది కాదని నా గట్టి నమ్మకం. నవ్వకండి. ఆడపిల్ల తండ్రిని, ప్రతి ఆదివారం గ్రౌండ్ గట్టున ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేవాణ్ని, ఊరికే నోరు పారేసుకునే మనిషిని కాను.

మా అమ్మాయికి ఏడేళ్లు. ఇంట్లో పిచ్చుక అంటాం. ఫుట్‌బాల్‌లో చేరి ఏడాది దాటింది. మొదటి ఏడాదంతా బంతి దాని కాలికి తగిలింది ఒక్కసారే. అదీ ఆట అయిపోయాక బంతుల సంచి మోస్తుంటే అందులోంచి ఒకటి జారిపడింది.

అప్పట్లో పద్ధతంటే పద్ధతే! పెద్దవాళ్ల గ్రౌండు, పెద్దవాళ్ల గోల్‌పోస్టులు, జట్టుకు పదకొండు మంది. బంతి ఎటు పోతే పిల్లలంతా అటే, ఒలికిన పంచదార చుట్టూ చీమల్లా. ఆ గుంపులోంచి టైర్ల షాపాయన కొడుకు, అందరికన్నా పొడుగువాడు, మేం ముద్దుగా నిచ్చెన అని పిలిచేవాడు, బంతి లాక్కుపోయి గోల్ వేసేవాడు. గోల్‌కీపర్ పిల్లాడు ఎంత ఎగిరినా పైకర్ర ఎత్తులో సగానికి కూడా అందేవాడు కాడు.

మా పిచ్చుకది కుడివైపు మూల. "పొజిషన్ వదలకు" అని గట్టు మీదనుంచి నేనే అరిచేవాణ్ని. పెద్దల మాట వినే పిల్ల, వదల్లేదు.

అందులో ఎన్ని లాభాలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? బూట్లు కొన్ననాటి మెరుపుతోనే ఉన్నాయి. చెమట పట్టదు కాబట్టి జలుబు రాదు. మబ్బుల ఆకారాల గురించి మా అమ్మాయికి తెలిసినంత వాతావరణ శాఖలో ఎవరికి తెలుసు? రేపు ఉద్యోగంలో చేరాక మీటింగుల్లో ఏ పనీ లేకుండా గంటల తరబడి మెలకువగా ఉండాలి కదా, ఆ ట్రైనింగ్ ఇంత చిన్న వయసులో ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా నిచ్చెన పుణ్యమా అని కప్పు కూడా వచ్చింది. కప్పుతో దిగిన ఫొటోలో మా పిచ్చుక ఉంది. ఒక చెవి వరకు.

ఇంత చక్కగా సాగిపోతున్న చోటికి కొత్త కోచ్ మేడమ్ వచ్చారు. వచ్చీ రాగానే ప్లాస్టిక్ కోన్లు పెట్టి గ్రౌండ్‌ను నాలుగు ముక్కలు చేశారు. జట్టుకు నలుగురే. గోల్‌పోస్టులు నడుమెత్తు. గోల్‌కీపర్ లేడు, స్కోరు రాయరు, కప్పు ఊసే లేదు. తల్లిదండ్రులు గ్రౌండ్ చుట్టూ కట్టిన తాడు వెనక నోరు మూసుకుని కూర్చోవాలట!

ఆ రోజునుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పిల్ల తలనుంచి పాదాల దాకా బురదతో వస్తోంది. అన్నం రెండోసారి అడుగుతోంది. "అమ్మా, ఇవాళ ముగ్గుర్ని దాటేశాను తెలుసా" అంటూ కంచం పక్కన గ్లాసులు పేర్చి, వాటి మధ్యలోంచి చెంచా తోలి చూపిస్తోంది. "మేం ఓడిపోయాం నాన్నా" అని ఇల్లెగిరిపోయేలా నవ్వుతోంది. ఓడిపోయిన మనిషి అలాగేనా ఉండేది? అన్నిటికన్నా ఘోరం, ఆదివారం పొద్దున్నే అదే మమ్మల్ని నిద్రలేపుతోంది.

చూస్తూ ఊరుకుంటామా? తాడు వెనక మీటింగ్ పెట్టాం. పాత పద్ధతే కావాలని తీర్మానించి మేడమ్ దగ్గరికి వెళ్లాం.

"మావాడికి బంతి ఇస్తే సరిపోయేదానికి ఇంతమంది ఎందుకండీ మధ్యలో" అన్నాడు టైర్ల షాపాయన.

"స్కోరే లేకపోతే ఎవరిని తిట్టాలో మాకెలా తెలుస్తుంది మేడమ్" అన్నారు లెక్కల మాస్టారు.

మేడమ్ అంతా విన్నారు. "వచ్చే ఆదివారం తేల్చేద్దాం" అని మాత్రం అన్నారు.

ఇంటికి వెళ్తుంటే స్కూటర్ వెనకనుంచి పిచ్చుక అడిగింది. "పెద్ద గ్రౌండ్ మళ్లీ వస్తే నేను మూలకే పోవాలా నాన్నా?"

"నీ మంచికేనమ్మా" అన్నాను. అది తలెత్తి మళ్లీ మబ్బులు చూడటం మొదలెట్టింది. నా మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజమే గానీ, సిద్ధాంతం సిద్ధాంతమే.

ఆదివారం మేడమ్ ఒకే ఒక్క షరతు పెట్టారు. "ఆ గ్రౌండ్ పిల్లల కంటికి ఎంత పెద్దగా ఉంటుందో, అంత గ్రౌండ్‌లో ముందు మీరొక ఆట ఆడండి. అప్పటికీ పెద్దదే కావాలంటే నేను అడ్డు చెప్పను."

మా గ్రౌండు, పక్కనున్న క్రికెట్ గ్రౌండు, మధ్యలో పార్కింగ్ స్థలం, అన్నీ కలిపి ఒక్కటి చేశారు. గోల్ అంటే రెండు లైటు స్తంభాల మధ్య ఖాళీ. బంతి, జిమ్‌లో నడుంనొప్పి వాళ్లు కూర్చుని ఊగే పెద్ద బంతి. గోల్‌కీపర్‌గా నిలబడ్డ పళ్ల డాక్టరుగారు ఒకసారి తలెత్తి స్తంభం చివరికేసి చూశారు. తర్వాత ఆయన నోరు తెరిచే ఉంచారు.

నాకు కుడివైపు మూల దక్కింది. అదృష్టమనుకున్నాను. కాసేపయ్యాక బంతి ఎక్కడో అవతలి లోకంలో, టైర్ల షాపాయన కాళ్ల దగ్గర కనిపించింది. ఆయాసపడుతూ పరిగెత్తాను. నేను చేరేలోపు అది ఇంకెక్కడికో పోయింది.

"పొజిషన్ వదలకు నాన్నా" అంది తాడు వెనకనుంచి పిచ్చుక. వెటకారం కాదు, పాపం, నిజంగా సాయం చేద్దామనే అంది.

"ఏమయ్యా, ఒక్కసారి ఇటు వెయ్యవయ్యా, మేమూ మనుషులమే" అని అరిచాను.

"ఉండండి సార్, గోల్ వేసొస్తాను" అన్నాడాయన.

మనిషేనా అసలు? ఇంత వయసొచ్చి, ఉద్యోగం చేస్తూ, ఇంటికి పెద్దదిక్కునై ఉండి, ఒక బంతి కోసం కాళ్లు నేలకేసి కొట్టాను.

ఆట అయ్యాక, పెద్ద గ్రౌండ్ కావాలనేవాళ్లను చేతులెత్తమన్నారు మేడమ్. టైర్ల షాపాయన ఒక్కడే ఎత్తాడు. నిచ్చెన వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. "వద్దు నాన్నా. అక్కడ నాకు పాస్ ఇచ్చేవాళ్లే ఉండరు" అన్నాడు. ఆయన ఆ చేత్తోనే కొడుకు తల నిమిరాడు. చిన్న గ్రౌండ్లే ఖాయమయ్యాయి.

అయినా నేను మాట మార్చే మనిషిని కాను. పిల్లలకు బంతి ఇవ్వకూడదనే ఇప్పటికీ అంటాను. ఎందుకంటే అది మాకు కావాలి! పిల్లలొచ్చేలోపు ఒక్క ఆట ఆడుకుంటామని మేడమ్‌ను బతిమాలి ఒక ముక్క సంపాదించాం. అటు నలుగురు, ఇటు నలుగురు. అబ్బ, ఏం ఆటండీ! బంతి మాటిమాటికీ నా దగ్గరికే వస్తుంది. లెక్కల మాస్టారు స్కోరు మర్చిపోయారు. నా మోకాలు దోక్కుపోయింది, దాన్ని ఆఫీసులో అందరికీ చూపించాను. సంగతి తెలిసి బాబాయిలు, మేనమామలు దిగారు. తల్లుల జట్టు వచ్చి మమ్మల్ని చిత్తుగా ఓడించింది. ఒక ముక్క చాలక, నాలుగూ మావే అయ్యాయి.

మొన్న ఆదివారం పిల్లలంతా బూట్ల లేసులు కట్టుకుని, తాడు వెనక బుద్ధిగా నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. పిచ్చుక తాడు కిందనుంచి దూరి వచ్చింది.

"నాన్నా, మా టైమైపోతోంది. మేమెప్పుడు ఆడాలి?"

"ఉండమ్మా" అన్నాను, "బంతి ఇప్పుడే నా దగ్గరికొచ్చింది."