చిలకచేపకు ఆడవాళ్ళ లైను

తిరుపతి వాస్తవ్యులు శ్రీ ఏకాంబరం గారి ఏకైక కుమారుడు చిరంజీవి నరేంద్ర హనీమూను, పెళ్ళయిన పందొమ్మిదో రోజున, తొమ్మిదిమంది సమక్షంలో అండమాన్ దీవుల్లో జయప్రదంగా జరిగింది. ఆ తొమ్మిదిమందిలో పెళ్ళికూతురు కూడా ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మొదట ఇద్దరే వెళ్ళాలనుకున్నారు. ఏకాంబరం ఆ మాట విని నవ్వాడు. "సముద్రం దాటే పని. ఇద్దరే యాడికి పోతారప్పా?" అన్నాడు. దాంతో ఆయన, ఆయన భార్య సిద్ధమ్మ, ఆమె చెల్లెలు సుబ్బులమ్మ, ఇంకో నలుగురు చుట్టాలు తోడు బయలుదేరారు. దీవిలో గుడారం వేసుకుని ఉండాలని తెలియగానే, పెళ్ళికి కట్టిన షామియానానే చంద్రగిరి నుంచి మళ్ళీ అద్దెకు తెచ్చాడు ఏకాంబరం. రాటలతో సహా అది మద్రాసు రేవులో ఓడ ఎక్కింది. మూడు రోజులు ప్రయాణం చేసి, ఒక చిన్న దీవి ఇసుకలో 'శుభవివాహం' అనే అక్షరాలతో నిలబడింది.

పెళ్ళికూతురు నవీనకు ఇవేవీ పట్టలేదు. గాలి తగిలితే నవ్వింది. ఓడలో పెట్టిన ఉప్మా చూసి నవ్వింది. నరేంద్రకు వాంతులయితే, పాపమంటూనే నవ్వింది. ఆమె బీయస్సీ జువాలజీ. కాలేజీ ల్యాబులో ఒక గాజుసీసాలో, మందునీళ్ళలో, రంగంతా పోయి గంజిబట్టలా తేలే చిలకచేపను మూడేళ్ళు చూసింది. రికార్డు బుక్కులో దానికి ఆకుపచ్చ, నీలం స్కెచ్ పెన్నులతో ప్రాణం పోస్తే, మేడమ్ 'రంగులు అతిగా ఉన్నవి' అని ఎర్రసిరాతో రాసింది. పెళ్ళిచూపుల్లో నవీన ఈ సంగతే చెప్పింది. "అయితే పోయి సూసొద్దాం. ఇద్దరం చెయ్యి పట్టుకుని సూద్దాం" అన్నాడు నరేంద్ర. ఉద్యోగం, జీతం అడగకుండా ఆమె ఊ కొట్టింది ఆ మాటకే.

దీవి చేరింది శనివారం. నరేంద్ర ఉత్సాహంగా గాలం వేశాడు. మూరెడు చేప పడింది. సిద్ధమ్మ గుండె బాదుకుంది. "స్వామి వారం కదరా ఈపొద్దు! చేపను ముట్టినావే!" ఆదివారం దాకా ఆగుదామని చేపను బక్కెట్లో ఉంచారు. ఆదివారం తెల్లారేసరికి సుబ్బులమ్మ దానికి పులిహోర మెతుకులు తినిపించి, బుజ్జమ్మ అని పేరు పెట్టింది. పేరున్నదాన్ని కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. కుంకుమ పెట్టి, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు సముద్రంలోకి సాగనంపారు. మసాలా నూరిపెట్టుకున్న పడవ నడిపే గోవిందు దాన్ని గిన్నెతో సహా పడవలోకి ఎత్తిపెట్టుకున్నాడు. అతనిది శ్రీకాకుళం, యాత్రికులను చాలామందిని చూశాడు.

అతనే రెండు జతల నీళ్ళద్దాలు, ఊపిరి గొట్టాలు తెచ్చి కొత్త దంపతుల చేతుల్లో పెట్టాడు. "ఇద్దరూ దిగండమ్మా. మొలలోతు నీళ్ళే. ముఖం ముంచితే చాలు, చిలకచేపలు అక్కడే తిరుగుతుంటాయి. రెండింటికి పడవ తీసేస్తాను" అన్నాడు. నవీన చెయ్యి చాచింది. నరేంద్ర పట్టుకోబోయాడు.

"ఆగండప్పా!" అన్నాడు ఏకాంబరం.

ఊరినుంచి దిగే చుట్టాలందరినీ ముప్పయ్యేళ్ళుగా కొండకు తీసుకెళ్ళి, దర్శనం చేయించి, లడ్డు చేతికిచ్చి రైలెక్కించిన మనిషి ఆయన. చూడదగ్గది ఒకటుండి, దాని ముందు వరస లేకపోవడం ఆయన సహించలేడు. షామియానా రాటలు నీళ్ళలో పాతించి తాడు కట్టించాడు. కుడివైపు ఆడవాళ్ళు, ఎడమవైపు మగవాళ్ళు. లైనుకొక జత అద్దాలు. పేపరు చుట్టి నోటి దగ్గర పెట్టుకుని ప్రసంగించాడు. "క్రమశిక్షణే మన ఆస్తి! సముద్రం అందరిదీ! ఎవురూ తోసుకోవద్దు, ప్రతి ఒక్కరికీ చేప కనిపిస్తాది!"

నవీన ఆడవాళ్ళ లైనులో చివర నిలబడింది. "నీకేమ్మే, చిన్నదానివి. ఎప్పుడైనా సూడొచ్చు" అంది సిద్ధమ్మ, నీళ్ళలో కాపలా నిలబడి. సుబ్బులమ్మ ముఖం ముంచింది. భక్తితో కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, బయటికొచ్చి "బాగా అయింది" అంది. చూసినవాళ్ళు మళ్ళీ వచ్చి, మొదటిసారి తృప్తిగా లేదంటూ పెద్దరికంతో నవీన ముందు దూరారు. ఈలోపు ఇంకో పడవలో బెంగాలీలు దిగారు. లైనును చూసి, ఎందుకని అడగకుండానే అందులో చేరిపోయారు. వాళ్ళలో ఒకాయన అటవీ ఉద్యోగి రాసిచ్చిన చీటీ చూపించాడు. ఏకాంబరం కళ్ళు చెమర్చాయి. "కొండమీద దర్శనానికి ఒక్క సిఫారసు ఉత్తరం కోసం ఎన్ని గడపలెక్కినానో! నా దగ్గరికి ఉత్తరం రావడం ఇదే మొదలు" అని, నరేంద్రను పక్కకు జరిపి ఆయన్ను నేరుగా, ఆయన వెంట వచ్చిన ఆడవాళ్ళను నవీన ముందుకు పంపించాడు.

రెండు కావస్తోంది. గోవిందు పడవ మీంచి కేకేశాడు. నవీన ముందు ఒకే ఒక్క మనిషి మిగిలింది. ఆ మనిషి ముంచిన ముఖం ఎత్తదు. నవీన ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది లెక్కపెట్టింది. ఆ తర్వాత చెయ్యి దానంతటదే లేచి ఆ వీపు మీద పడింది.

"జరగమ్మా! ఎంతసేపు? ఎనక మేము మనుషులం కాదా?"

మాట నవీనదే, గొంతు అచ్చం సిద్ధమ్మది. ఆ మనిషి ఉలిక్కిపడి లేచింది. ఇరవై ఏళ్ళ బెంగాలీ పిల్ల. ముంజేతులకు పెళ్ళిగాజులు, ఎర్రవి, తెల్లవి. పాపిట్లో కొత్త సిందూరం. తాడుకు అవతల, మగవాళ్ళ లైనులోంచి ఒక కుర్రాడు ఆమెకేసి దిగులుగా చూస్తున్నాడు. పిల్ల అద్దాలు తీసి ఇచ్చింది.

"మా కోడలు పనిమంతురాలు" అంది సిద్ధమ్మ, గర్వంగా.

నవీన ముఖం ముంచింది. ఆకుపచ్చ! స్కెచ్ పెన్నులు ఎందుకూ చాలవు. చిలకచేప ముక్కుతో పగడాన్ని కొరుకుతోంది. కరకరమని చప్పుడు కూడా వినిపిస్తోంది. నరేంద్రను పిలుద్దామనుకునేలోగా నెత్తిన సిద్ధమ్మ చెయ్యి పడింది. "చాల్లే, రామ్మా."

పడవలో షామియానా మూట చాటున నరేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని వంతు రానేలేదు. "ఎట్లుండాది?" అని అడిగాడు. నవీన తడివేలితో చెక్క మీద చేప బొమ్మ గీసింది. అది ఆరిపోతే మళ్ళీ గీసింది. నవ్వింది. గాజుల పిల్ల గుర్తొచ్చి నవ్వు ఆపేసింది.

తిరుపతిలో పక్కింటి మునిలక్ష్మి కాచుకుని కూర్చుంది. "చేపను ఎంతసేపు సూసినావు?"

"రెండు సెకన్లు."

మునిలక్ష్మి నోరు తెరిచింది. "రెండు సెకన్లా! అంతసేపు ఉండనిచ్చినారా! ఆడ మీకు తెలిసినోళ్ళు ఎవురుండారు?"