మెట్ల మీద లైటు ఎవరిది?

ఆ రోజు ఇంట్లో ఒకటే నియమం. పదకొండు గంటలకు కోడలు కంప్యూటరు ముందు కూర్చున్నాక ఎవరూ ఏమీ చేయకూడదు. పాప పుట్టాక మానేసిన ఉద్యోగం, ఇక దొరకదని ఆశ వదిలేసుకున్న ఉద్యోగం, మళ్లీ ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఒక పార్సిళ్ల కంపెనీకి ఫిర్యాదులు చూసే అధికారి కావాలట. పార్సిలు ఎక్కడ తప్పిపోయింది, తప్పు ఎవరిది అని తేల్చే పని. కోడలు పొద్దున్నే లేచి కెమెరాలో కనబడే గోడంతా దులిపింది, క్యాలెండరు తీసేసింది, బీరువా పక్కన ఎర్రచుక్కలా మెరుస్తున్న ఒక స్విచ్చును ఆపేసింది. ఆ స్విచ్చు అక్కడెందుకుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దానివల్ల గదిలో ఏదీ వెలగదు, ఏదీ తిరగదు.

"మామయ్యగారూ, మీరు ఒక్క గంట కదలకుండా కూర్చుంటే చాలు," అంది.

"నేనేం చేస్తానమ్మాయ్, పేపరు చదువుకుంటాను," అన్నారు మామగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఉద్దేశం నిజంగా అదే.

పేపరు కింద వీధి గుమ్మం దగ్గర ఉంది. తలుపు తీస్తే మెట్లన్నీ చీకటి. ఒకప్పుడు అది ఒకే కుటుంబం ఉన్న పెద్ద ఇల్లు. దాన్ని మూడు ఫ్లాట్లుగా విడగొట్టినప్పుడు మెట్లకున్న కిటికీని గోడ మింగేసింది. అప్పట్నుంచీ పట్టపగలు కూడా లైటుంటేనే మెట్టు కనబడేది. బల్బు మార్చడం ఎంతసేపు పని, చప్పుడు కూడా కాదు, అనుకున్నారాయన.

జాగ్రత్త గల మనిషి కనక ముందు కరెంటు తీయాలని మెట్ల కింద అల్మరా తెరిచారు. లోపల స్విచ్చుల వరస మీద పాత యజమాని అంటించిన చీటీలున్నాయి: వంటిల్లు, అమ్మమ్మ గది, మెట్లు, దొడ్డి. ఇప్పుడు ఆ వంటిల్లూ లేదు, ఆ అమ్మమ్మా లేదు. కానీ మామగారు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి రిటైరైన మనిషి. పైన ఏం రాసుంటే అదే నిజమని నమ్మి బతికారు. 'మెట్లు' అన్నదాన్ని కిందికి లాగి, స్టూలెక్కి బల్బు విప్పారు.

కొత్త బల్బు బిగించి స్టూలు దిగేలోపే, పై ఫ్లాట్లో కేకులు చేసి అమ్మే ఆవిడ పిండి చేతులతో దిగొచ్చింది.

"బాబాయిగారూ, నా ఓవెన్ ఆగిపోయింది. సాయంత్రం ఇవ్వాల్సిన కేకు లోపలుంది. సగం పొంగి ఆలోచిస్తోంది."

"నేను తీసింది మెట్లదమ్మా. కావాలంటే చదువుకో."

"అయితే ఇంకేదో పడిపోయుంటుంది," అంటూ ఆవిడ చీకట్లో చేతికందిన స్విచ్చును తిప్పేసింది. అది అమ్మమ్మ గది. అందులో ఇప్పుడు పళ్ల డాక్టరు ఉంటున్నాడు.

డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ బయటికొచ్చాడు. "పన్ను సగంలో ఉండగా డ్రిల్లు ఆగిపోయిందండీ." వెనకాలే పేషెంటు, మెడలో గుడ్డతో. మత్తు సూది పడిన నోరు కావడంతో, వేలు పెట్టినా కొరకలేని స్థితిలో ఉన్నాడు. ఏదో అన్నాడు కానీ ఎవరికీ అర్థం కాలేదు. పైకుంటే ఉన్నట్టా, కిందికుంటే ఉన్నట్టా అని ముగ్గురూ వాదించుకుంటుండగా డాక్టరు 'దొడ్డి'ని దించేశాడు.

పైన కోడలి గదిలో తెర మీద మేనేజరమ్మ అప్పుడే అడిగింది, "ఒత్తిడిలో మీరు ఎలా పనిచేస్తారు?" నెట్ పోయింది.

ఆ ఇంటి మందపాటి గోడల మధ్య ఫోనుకు సిగ్నలు అందేది మెట్ల మలుపులోనే. కోడలు ల్యాప్‌టాపు చంకన పెట్టుకుని అక్కడికి పరిగెత్తి, ఫోను నెట్‌తో మళ్లీ కలిపింది.

"వినబడుతోందండీ, కానీ మీరు కనబడటం లేదు," అంది మేనేజరమ్మ. "మనిషిని చూడకుండా ఎలా తీసుకుంటాం?"

మామగారు గబగబా పైకొచ్చి ఫోను లైటు వేసి కోడలి గడ్డం కింద పెట్టారు. తెర మీద మేనేజరమ్మ కుర్చీ వెనక్కి జరిగింది.

కోడలికి ముందు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. "అందరూ ఆ అల్మరా లోంచి చేతులు తీసేయండి. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండి. మామయ్యగారూ, చీటీలు చూడకండి. ఒక్కొక్కటే పైకి తోయండి. కరెంటొచ్చిన వాళ్లు కేకేయండి."

'మెట్లు' తోస్తే పైనుంచి "ఓవెన్ వచ్చింది" అని వినిపించింది. 'అమ్మమ్మ గది' తోస్తే డ్రిల్లు గుయ్యిమంది, పేషెంటు మూలిగాడు. 'దొడ్డి' తోస్తే కోడలి గదిలో ఫ్యాను తిరిగింది. అందరికీ అన్నీ వచ్చాయి, మెట్లకు తప్ప. అందరూ మళ్లీ మెట్ల దగ్గర పోగయ్యారు.

"బావుంది. మరి మెట్ల మీద లైటు ఎవరిది?" అంది మేనేజరమ్మ. ఆవిడ ఇంటర్వ్యూ సంగతి మరిచిపోయినట్టుంది.

"నిన్నటిదాకా వెలిగింది. అంటే పొద్దున్నుంచి ఏదో మారింది," అంటూనే కోడలు ఆగిపోయింది. ల్యాప్‌టాపు మెట్టు మీద పెట్టి, మెల్లగా తన గదిలోకి వెళ్లి ఎర్రచుక్క స్విచ్చు వేసింది. మెట్లన్నీ భగ్గున వెలిగాయి. పిండి చేతుల ఆవిడ, డాక్టరు, మెడలో గుడ్డతో పేషెంటు, అందరూ కళ్లు చికిలిస్తూ కనబడ్డారు.

"ఇంతకీ తప్పెక్కడ జరిగింది?" అని తిరిగొచ్చిన కోడల్ని అడిగింది మేనేజరమ్మ.

కోడలు నోరు తెరిచేలోగా మామగారు కెమెరాకు అడ్డంగా తల పెట్టారు. "నాదేనండీ. బల్బు మాడిపోతే మార్చబోయాను. మా అమ్మాయికి ఏ సంబంధం లేదు."

మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, గండం గడిచినట్టే. కోడలు ఊరుకోలేకపోయింది.

"కాదండీ. ఆయన తీసిన బల్బు కూడా మంచిదే. నా వెనక గోడ అందంగా కనబడాలని పొద్దున ఆ స్విచ్చు ఆపింది నేనే. ఈ చీకటంతా నాదే."

మేనేజరమ్మ చాలాసేపు నవ్వింది. "ఇన్నేళ్లుగా ఫిర్యాదులు వింటున్నాను. తప్పు నాదని చెప్పినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. సోమవారం వచ్చి చేరండి."

పొంగని కేకును ఆ వెలుగులోనే మెట్ల మీద కూర్చుని అందరూ తిన్నారు. ఇంకోటి ఓవెన్‌లో పెట్టొచ్చిన ఆవిడ కూడా తింది. పేషెంటు రెండు ముక్కలు తిని, రుచి తెలియలేదని చేత్తో చెప్పాడు. సాయంత్రం మామగారు పాత చీటీలన్నీ పీకేసి కొత్తవి రాసి అంటించారు. కోడలి గదిలో ఎర్రచుక్క పక్కన అంటించిన చీటీ మాత్రం కాస్త పెద్దది: 'మెట్లు. ఉద్యోగం వచ్చేసింది కనక ఇక ముట్టుకోవద్దు.'