పైనుంచి పడినవి

కాదు, "మనసు విప్పి" అనడం కంటే "మొహమాటం లేకుండా" అంటే బాగుంటుందేమో. కానీ మొహమాటం అనే మాట ఎత్తగానే, అది ఉన్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఇంటర్వ్యూ చేసేవాళ్లకి కనిపించిపోదూ? మనసే విప్పాలి. చేతులు కూడా చాపితే ఇంకా నమ్మకంగా ఉంటుంది. "ఎదుటి మనిషి ఎవరైనా సరే, మనసు విప్పి మాట్లాడతానండీ," అంటూ గుమాస్తా బాల్కనీలో నిలబడి రెండు చేతులూ చాపాడు. ఆరిందో లేదో చూద్దామని దండెం మీంచి తీసిన ప్యాంటు కుడిచేతిలో ఉన్న సంగతి, అది జారిపోయాక గుర్తొచ్చింది.

ప్యాంటు కింది అంతస్తు బాల్కనీలో పడింది.

పద్దెనిమిదేళ్లు రికార్డు గదిలో ఫైళ్లతో కాపురం చేసిన అతనికి ఫిర్యాదుల విభాగం అధికారి అయ్యేందుకు ఇదే చివరి అవకాశం. ఇంటర్వ్యూ పదిన్నరకి. నడుము దగ్గర గుండీ పడే ప్యాంటు ఇల్లు మొత్తమ్మీద అదొక్కటే. ఇప్పుడు తొమ్మిది కావస్తోంది. అతను తువ్వాలులో ఉన్నాడు.

"కిందకెళ్లి బెల్లు కొడితే రెండు నిమిషాల పని," అంది భార్య.

"ఎవరింటి బెల్లు? ఆయన జైలుకెళ్లొచ్చినవాడు!"

"అయితే ఏంటండీ? మనం ప్యాంటు అడుగుతున్నాం, పిల్లనిమ్మని కాదుగా."

కింది మనిషి వచ్చి ఎనిమిది నెలలైంది. భారీ ఆకారం, కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు. జైలు కబురు వాచ్‌మన్ చెప్పాడు. ఆనాటి నుంచి మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, గుమాస్తా తాళంచెవి మరిచిపోయినట్టు నటిస్తూ వెనక్కి తిరిగేవాడు. అన్నిసార్లు మరిచిపోయేసరికి, మెడలో తగిలించుకోమని భార్య ఒక దారం కొనిపెట్టింది. ఇది భయం కాదనీ, అనవసర పరిచయాలు తనకి గిట్టవనీ అతను తనకే చెప్పుకునేవాడు. ఆ మాటల్ని కూడా ఎవరో చాటుగా వింటున్నట్టు ఆచితూచి చెప్పుకునేవాడు.

బెల్లు బదులు దండెం తాడు విప్పి, కొసన హ్యాంగరు కట్టి కిందికి వదిలాడు. హ్యాంగరు కింది ఊచల్లో చిక్కుకుంది. గట్టిగా లాగితే తాడే చేతిలోంచి జారి, హ్యాంగరుతో సహా వెళ్లిపోయింది. ఈసారి దుప్పటి కొసకి గొడుగు కట్టి, వంపు పిడితో ప్యాంటు లాగబోయాడు. గాలికి గొడుగు విచ్చుకుని దుప్పటినీ వెంట తీసుకుపోయింది. ఏమైందో చూద్దామని వంగితే ముక్కు మీది కళ్లజోడు కూడా వాటిని కలుసుకోవడానికి బయల్దేరింది.

"ఇక మిగిలింది నేనే. నన్నూ పడేయండి, ఓ పనైపోతుంది," అని భార్య స్నానానికి వెళ్లిపోయింది.

అప్పుడు మోగింది వీధి తలుపు బెల్లు. తలుపుకున్న కంతలోంచి చూస్తే, కళ్లజోడు లేని కళ్లకి ఓ పెద్ద మసక కనిపించింది. అంత పెద్ద మసక ఈ భవనంలో ఒక్కటే. గుమాస్తా ఊపిరి బిగబట్టాడు. మూడుసార్లు మోగి, అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది.

గుమ్మంలో దుప్పటి నాలుగు మడతల్లో ఉంది. దాని మీద గొడుగు, హ్యాంగరు, శుభ్రంగా తుడిచిన కళ్లజోడు, ఒక కాగితం.

"అయ్యా, ఇవి మీ వస్తువులు. ఇంతకుముందు ఉన్నచోట మా కిటికీలోకి రాళ్లు వేసేవారు. మీరు చాలావరకు మెత్తటివే వేశారు, కృతజ్ఞతలు. మీ ఉద్దేశం అర్థమైంది. మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చేస్తాను. ప్యాంటు తడిగా ఉంది, ఇస్త్రీ చేసి తెస్తాను."

గుమాస్తా కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఎనిమిది నెలలుగా తానే భయపడుతున్నాననుకున్నాడు. భయపెడుతున్నానన్న ఆలోచన ఒక్కనాడూ తట్టలేదు. తువ్వాలు బిగించి మెట్లు దిగాడు. బెల్లు మీద వేలు ఆనించాక, ఇంతకాలం తాను సాధన చేసిన మాట ఒక్కటీ గుర్తురాలేదు. నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. వేడి ఇస్త్రీ వాసన.

"పొమ్మనడానికి కాదండీ," అన్నాడు గుమాస్తా గుక్క తిప్పుకోకుండా. "ప్యాంటు పడిపోయింది. మిగతావన్నీ దాన్ని తీయబోయి పడ్డాయి."

కింది మనిషి అతని తువ్వాలు వంక చూశాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణిగా?"

"అడగడానికి భయమేసింది. మీరు... జైల్లో..."

"రెండేళ్లున్నాను. కోపంలో ఒకణ్ణి కొట్టాను. తప్పు నాదే." ప్యాంటు అందించాడు. "ఈ ఇస్త్రీ అక్కడ నేర్చుకున్నదే. నేను మిమ్మల్ని చూసి మెట్ల మీద ఆగిపోయేవాణ్ణి, తెలుసా? ఎప్పుడు చూసినా తాళంచెవి కోసం పరిగెత్తే మనిషి, పాపం ఏం కష్టమో అనుకునేవాణ్ణి."

గుమాస్తాకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకునేలోగా ఎదుటివాడికీ వచ్చింది. ఆ మసక ఇంత గట్టిగా నవ్వగలదని వాచ్‌మన్ చెప్పనేలేదు.

పక్కగదిలోకి వెళ్లి ప్యాంటు తొడుక్కున్నాడు. మడత కత్తిలా ఉంది. బయటికొస్తూ చూస్తే గోడ వారన సామాను పెట్టె, దాని చుట్టూ తన దండెం తాడు.

"క్షమించాలి, ఇంట్లో వేరే తాడు లేకపోయింది," అన్నాడు కింది మనిషి.

పైనుంచి భార్య గొంతు, "ఏవండీ, తొమ్మిదిన్నర దాటింది!"

"తాడు మాదండీ. నాకు కావాలి," అని గుమాస్తా పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముడులు ఒక్కొక్కటే విప్పాడు.

కింది మనిషి చివరి ముడి దాకా చూశాడు. తర్వాత ఇస్త్రీపెట్టె మళ్లీ ప్లగ్గులో పెట్టాడు.

"ప్యాంటు విప్పండి. మోకాళ్ల దగ్గర మడత పోయింది."